నాలుగో పిల్లరు తిన్న సిమెంటు

ఒడిశా తీరంలోని మార్కండి ఊళ్ళో, ఉప్పుటేటి మీది పాత వంతెన కింద, ఆటు తీసిన పొద్దున. వంతెన ఆరోగ్యం తేల్చడానికి బరంపురం నుంచి వచ్చిన ఇంజనీరు సాయిపద్మ చేతిలో రిమోటు ఉంది. ఆమె తెచ్చిన మిషను స్తంభం మీద పాకుతోంది. పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, బోర్లించిన తెప్ప మీద కూర్చున్నాడు మేస్త్రి పోతయ్య. ఇలాంటి మిషను ఒకటి వస్తుందని ముప్పై ఏళ్ళుగా అతనికి నమ్మకం.

"గురువులుగాడు దొంగ. ముందు అది రాసుకో అమ్మా, తరవాత నీ మిషను పని సూడు."

"బాబాయ్, నేను వంతెన చూడ్డానికి వచ్చాను. దొంగల్ని పట్టుకోడానికి కాదు."

"ఇక్కడ రెండూ ఒకటే. బ్రిడ్జీ లోపల సూస్తే దొంగ కనిపిస్తాడు. ఆ నాలుగో పిల్లరుకి ఎక్కించు."

"వరసలో వెళ్ళాలి. ఒకటి అయింది, రెండు అయింది. ఇప్పుడు మూడు నడుస్తోంది."

"ముప్పై ఏళ్ళు ఆగినాను. మళ్ళీ మూడు అడ్డమొచ్చిందేటి."

"పది నిమిషాలే. ఇంతకీ గురువులెవరు?"

"కంట్రాక్టరు గురువులు. ఈ బ్రిడ్జీ కట్టించినోడు. ఇప్పుడు మీ బరంపురంలోనే, బడా బజార్లో సిమెంటు కొట్టు. డెబ్బై ఎనిమిదేళ్ళు. సావడు."

"మరి మీరు?"

"పోతయ్యని. ఆ నాలుగో పిల్లరు నా సేతి మీద పోసిందే. అప్పటికి నాకు ఇరవై రెండు. ఊళ్ళోకెల్లి పోతయ్యేడీ అంటే ఎవుడూ సెప్పడు. సిమెంటు పోతయ్య అనాల."

"పనితనానికి వచ్చిన పేరా?"

"దొంగతనానికి."

"దొంగతనానికా?"

"సెయ్యని దొంగతనానికి. అది కూడా రాసుకో. అదేటి, నీ మిషను టక్కు టక్కుమని కొడతంది?"

"దాని కడుపులో చిన్న సుత్తి ఉంది. గోడని కొట్టి శబ్దం వింటుంది. గట్టిగా ఉంటే ఒకలా, గుల్లగా ఉంటే ఒకలా వినిపిస్తుంది. లోపల ఇనుము తుప్పు పట్టిందో లేదో కూడా చూస్తుంది."

"ఒక టీ ఇప్పిస్తే నాను కర్రతో కొట్టి సెప్పీగలను. దీనికెంత అయింది?"

"ముప్పై ఎనిమిది లక్షలు."

"టీ తాగదా?"

"తాగదు."

"అందుకే అంత. గోడకి ఎలగ అతుక్కుంది?"

"గాలి పీల్చి పట్టుకుంటుంది."

"ఉడుము."

"మేం రోబో అంటాం బాబాయ్."

"అనండి. ఉడుమే అది."

"ఇదిగో, మూడోది అయింది. పదిహేడు."

"పదిహేడంటే?"

"గట్టిదనం. ఇరవై దాటాలి. ఒకటోది పదహారు, రెండోది పద్నాలుగు. ఉప్పుగాలి లోపలికి దిగిపోయి ఇనుముని తినేసింది. అయిదూ ఆరూ కంటికే కనిపిస్తున్నాయి, ఊసలు బయటపడ్డాయి."

"పద్నాలుగా! అమ్మా గంగమ్మా, ఉన్నావే తల్లీ."

"వంతెన బాలేదంటే సంతోషిస్తారేంటి? మీ ఊరి వంతెనే కదా."

"ఊరు సంగతి ఊరిది. నా సంగతి నాది. సెప్తాను ఇను. పిల్లర్లు ఆరూ ఒకటే సైజు. అవునా?"

"అవును."

"ఒకటి, రెండు, మూడు. ఒక్కోదానికీ రెండొందల యాభై బస్తాలయినాయి. నాలుగోదానికి మూడొందల పద్నాలుగు. గొడౌను తాళం నా మొలతాడుకి ఉండీది. గురువులు పంచాయితీ ఎట్టినాడు. 'పిల్లరు ఒకటే సైజైనప్పుడు ఇదొక్కటే అరవై నాలుగు బస్తాలు ఎక్కువెలగ తింటాది? పోతయ్య అమ్ముకున్నాడు' అన్నాడు."

"మీరేమన్నారు?"

"నాను పొద్దున్నే గొడౌనులోంచి బస్తాలు తీసి మిక్సరు కాడికి పంపీసినాను, నాను పైన సెక్క పెట్టెలో నిలబడి, పోసిన మాలు కుదురుకోడానికి ఊసతో పొడుసుకుంటన్నాను, కింద ఏటైందో నాకేటి తెలుసు అన్నాను. మిక్సరు కాడ ఉన్నోడు గురువులు మనిషి, పైడన్న. ఆడు వచ్చినయ్యన్నీ ఏసీసినాను అన్నాడు. ఎవుడూ నమ్మలేదు. నాను కూడా నమ్మలేదు. పైడన్న సచ్చిపోయినాడు, ఆణ్ణి అడగడానికి నేదు."

"ఖాళీ సంచులు లెక్కపెడితే తెలిసిపోయేది కదా?"

"ఖాళీ సంచి పని కాడ ఉంటాదేటి తల్లీ? పొద్దుగూకీసరికి ఆడోళ్ళు పట్టుకుపోయినారు, ఇంటి కప్పు కిందకనీ, పడకకనీ."

"మరి పంచాయితీ ఏం తేల్చింది?"

"మా అయ్య తోట గురువులు పేరన రాసీమన్నాది. మొగలి డొంక. పూత కాలంలో అత్తరు బట్టీలోళ్ళు ఇంటికొచ్చి పువ్వు పట్టుకెల్లీవోరు."

"ఎంత తోట?"

"అడక్కు. అంకె నోటికి రాదు. ముప్పై ఏళ్ళయింది, ఒక్కసారీ పలకలేదు. ఎప్పుడు బడా బజారెల్లినా, ఆ ముసిలోడు కొట్టులో కూకుని, 'సిమెంట్ అఛి కి పోతయ్యా?' అని ఒరియాలో అడుగుతాడు. సిమెంటుందేటి అని. ఆడిదే సిమెంటు కొట్టు, నన్నడుగుతాడు."

"అయితే పిల్లరు గుల్లని తేలితే మీ మీద నింద పోతుందా? నాకు అర్థం కాలేదు."

"ఎందుకు పోదు? బస్తాలు మిక్సరు కాడ మాయమైతే మాలులో సిమెంటు తక్కువ పడాల. గురువులు తినడం మొదలెడితే అరవై నాలుగు కాడ ఆగుతాడేటి? పిల్లరంతా గుల్ల సేసుంటాడు. గుల్లయితే దొంగ కిందున్నాడు. నాను పైనున్నాను."

"సరే. నాలుగుకి ఎక్కిస్తున్నాను."

"ఆగు."

"ఏమైంది?"

"తువ్వాలు సర్దుకోనీ. ఊఁ, కానీ."

"ఎక్కింది. వినండి."

"డబ్ డబ్ అనాల."

"టక్ అంటోంది."

"కింద కదా. అలల కాడ కొంచెం బాగానే ఏసుంటాడు. పైకెల్లనీ."

"పైన కూడా టక్కే బాబాయ్."

"అటేపు?"

"అటూ అదే."

"ఎంతొచ్చింది?"

"ముప్పై ఒకటి."

"సగానికి సగం గుల్లన్నమాట!"

"కాదు. పక్కదానికి దాదాపు రెట్టింపు గట్టిది. లోపల ఇనుము నిన్న పెట్టినట్టుంది. తుప్పు లేదు."

"మళ్ళీ ఎక్కించు."

"మూడేసి సార్లు కొలిచే చెబుతుందది."

"దీన్ని బడా బజారు మీంచే తెచ్చినావా?"

"అటే వచ్చాం."

"గురువులు కొట్టు కాడ ఆపినావా?"

"అది టీ తాగదని చెప్పాను కదా బాబాయ్."

"మరి ఎలగ వచ్చింది ముప్పై ఒకటి?"

"సిమెంటు ఎక్కువ పడితే వస్తుంది. మీ అరవై నాలుగు బస్తాలు ఎక్కడికీ పోలేదు. ఇదిగో, ఇందులోనే ఉన్నాయి. పైడన్న నిజమే చెప్పాడు."

"మరి గురువులు?"

"ఆయన తినలేదు."

"పైడన్న?"

"ఎవరూ తినలేదు."

"అలగనకు. ఎవుడో ఒకడు తినాల."

"పిల్లరే తింది. బాబాయ్, మీరు సంతోషించాలి కదా. దొంగ కాదని తేలిపోయింది."

"నాను కాదని నాకు అప్పుడే తెలుసు. ఆడు కాదని ఇప్పుడు తెలిస్తే నానేటైపోవాల? ముప్పై ఏళ్ళు పొద్దున్న లేస్తే ఆణ్ణే తిట్టుకున్నాను. రేపొద్దున్న లేచి ఎవుణ్ణి తిట్టాల?"

"అది నా మిషను చెప్పదు. కానీ ఒకటి తేలాలి. ఒకే సైజు పిల్లరు ఎక్కువ సిమెంటు ఎలా తిన్నదని? మాలు కలిపేటప్పుడు కొలత ఏంటి?"

"బస్తా సిమెంటుకి నాలుగు తట్లు ఇసక, ఎనిమిది తట్లు కంకర పిక్క. పైడన్న పాట పాడినట్టు లెక్కెట్టీవోడు. అందులో తేడా నేదు. పైనున్న నాకు ఇనిపించీది."

"తట్ట అంటే ఇనప గమేళానేనా?"

"మరేటి? గమేళాయే. ఆ... ఆగు. నాలుగోదాని కాడ గమేళాలు నేవు. గురువులు గోపాలపురంలో ఇంకో పనుందని ఎత్తుకుపోయినాడు. పది పన్నెండు రోజులు. ఆడోళ్ళే ఇంటికాడి నుంచి గంపలు తెచ్చినారు."

"ఏ గంపలు?"

"సేపల గంపలు. అదిగో, మా ఆడది వస్తంది. పిక్క మోసినోళ్ళలో ఇదీ ఉంది. దాన్నే అడుగు."

ఇసకలో అడుగులు. పోతయ్య పెళ్ళాం జగ్గమ్మ, నెత్తిన గంప, గంపలో అతని సద్దిగిన్నె.

"పొద్దున్న లేచి ఒచ్చీసినావు, ముద్ద తినకుండా. ఈ పాపెవులు మావా?"

"ఇంజనీరమ్మ. జగ్గీ, నాలుగో పిల్లరు పోసినప్పుడు గమేళాలు నేక గంపలు తెచ్చినారు కదా. ఏ గంపలే అవి?"

"అన్నం సల్లారిపోతంది, తిను."

"సద్దన్నం ఎలగ సల్లారుతాదే?"

"గంపలంటే గంపలు. ముప్పై ఏళ్ళనాటి గంప ఎవులికి గుర్తు?"

"పెద్దమ్మా, ఇప్పుడు తెచ్చారు కదా, ఈ గంపలాంటివేనా?"

"గంపలన్నీ ఒకలాగే ఉంటాయి పాపా."

"ఒకసారి చూడనా? గిన్నె తీసి పక్కన పెడుతున్నాను. ...ఇదేంటి, బయట జానెడు లోతుంది. లోపల నా చెయ్యి అంత దిగట్లేదే?"

"నీ సెయ్యి పెద్దది."

"అడుగు కింద ఇంకో అడుగు అల్లి ఉంది."

"గట్టిదనానికి."

"జగ్గీ. ఇది అమ్మే గంప."

"అమ్మే గంపంటే ఏంటి బాబాయ్?"

"మా ఊళ్ళో ఇంటింటికీ రెండు గంపలుంటాయి తల్లీ. పడవ కాడ కొన్నప్పుడు కొనే గంప. బజార్లో అమ్మినప్పుడు అమ్మే గంప. బయటికి రెండూ అక్కసెల్లెళ్ళు. లోపల అమ్మేదానికి అడుగెత్తు. ఊళ్ళో అందరికీ తెలుసు. ఊరు దాటితే ఎవులికీ తెల్దు."

"ఇప్పుడు కూడానా? అందరూ కాటాలో తూస్తారు కదా?"

"పచ్చి సేపకి కాటా. ఎండు నెత్తళ్ళకి ఇప్పటికీ గంపే."

"మా అమ్మ ఎండు నెత్తళ్ళు బడా బజార్లో మార్కండి వాళ్ళ దగ్గరే కొంటుంది. గంప లెక్కన. నేను పుట్టక ముందు నుంచీ."

"మీదెక్కడ పాపా?"

"బరంపురంలోనే, లంజిపల్లి పేట."

"విజయకుమారమ్మ కూతురివా? ముక్కు అలగే ఉంది. ఓలమ్మా, ఆ యమ్మ బేరం! పది రూపాయలు తగ్గించందే కదలదు. బేరమాడకపోతే అడుగు ఎత్తక్కర్లేదు కదా తల్లీ. నెత్తళ్ళు తగ్గినా మాట మిగిలింది ఆ యమ్మకి."

"జగ్గీ, ఆ కబుర్లు తరవాత. పిల్లరుకి తెచ్చింది అమ్మే గంపలేనా? సెప్పవే."

"కొనే గంపలోంచి ఇసక కారిపోతాది మావా. అమ్మే గంపకి రెండడుగులు, కారదు. అందుకని అయే తెచ్చినాం. పదకొండు మందిమీ. సిమెంటు సంగతి మాకేటి తెలుసు? ఎనిమిది ఎయ్యమంటే ఎనిమిదే ఏసినాం."

"ఎనిమిదేసినారు. ఎనిమిదీ తక్కువ పట్టే గంపలే ఏసినారు. ఎప్పుడు తెలిసింది నీకు?"

"పంచాయితీలో. పిల్లరు ఒకటే సైజు, ఎక్కువెలగ తింటాదని గురువులు అన్నప్పుడు నాతోపాటు మోసిన నీలమ్మత్త నా తొడ మీద గిల్లింది. ఇంటికెల్లి గమేళాలోకి ఇసక పోసి సూసుకున్నాం. ఐదు గంపలు పోస్తే నాలుగు గమేళాలయినాయి."

"మళ్ళీ పంచాయితీకి ఎందుకు రాలేదే?"

"వచ్చి ఏటని సెప్పాల? గురువులు బరంపురం మనిషి. మా గంపకి దొంగడుగు ఉందని ఆడి సెవిన పడితే పొద్దుగూకీసరికి బడా బజారంతా తెలుస్తాది. ఊళ్ళో ఆడోళ్ళందరి పొట్టా ఆ గంపలోనే ఉంది. మొలలోతు నీళ్ళలో నిలబడి గంగమ్మ మీద ఒట్టేసుకున్నాం."

"ముప్పై ఏళ్ళు నా పక్కనే పడుకున్నావు."

"నువ్వు గురువుల్ని తిట్టుకుంటా పడుకునీవోడివి. సెప్తే నన్ను తిట్టీవోడివి."

"తోట పోయిందే!"

"పోయింది. తోట పోయినకాడి నుంచి తిన్నదెక్కడిది? నీకు దొంగని పేరొచ్చాక ఎవుడైనా పనికి పిలిచినాడా? గంపే పెట్టింది."

"బాబాయ్, ఒక్క నిమిషం. ఇది లెక్కకి సరిపోతోంది. బస్తాకి ఇసకా కంకరా తగ్గితే, పిల్లరు నిండడానికి బస్తాలు పెరగాలి. నాలుగుకి ఐదు చొప్పున వేసుకుంటే, రెండొందల యాభై బస్తాలకి మూడొందల పన్నెండు. మీరు మూడొందల పద్నాలుగన్నారు. రెండు బస్తాలు మిగిలాయి. అవెక్కడ?"

"గాలికి పోయుంటాయి. వానకి గడ్డకట్టుంటాయి."

"రెండే గడ్డకట్టాయా?"

"మావా, పాప అడుగుతుంటే సెప్పొచ్చు కదా."

"మా ఇంటిముందు అరుగు సేసినాను. రెండు బస్తాలు. పెళ్ళయిన కొత్త. అది రాయకు."

"అది వంతెనలో భాగం కాదు, రాయను. కానీ పిల్లరు సంగతి రాయాలి. ఇదొక్కటే ఎందుకు గట్టిగా ఉందో కారణం చెప్పమని కాగితంలో ఒక గడి ఉంది. గంప అని రాస్తాను. దాంతో మీ పేరు కడిగేసినట్టవుతుంది."

"రాస్తే ఏటవుతాది పాపా?"

"ఆఫీసుకి వెళ్తుంది పెద్దమ్మా. వింతగా ఉంటుంది కాబట్టి పేపర్లో కూడా పడొచ్చు. చేపల గంప వల్ల గట్టిపడిన స్తంభం అని."

"పడితే బడా బజార్లో కూకున్న మా కోడలు తులసి కాడ ఎవులు కొంటారు? ఇప్పుడు కూడా అక్కడే ఉంది అది, గంపేసుకుని. రాయకు తల్లీ."

"మీరు వద్దంటే సరిపోదు. పోయింది బాబాయ్ పేరు. ఆయన చెప్పాలి."

"ఏటి మావా, మాటాడవు?"

"ఆలోసిస్తన్నాను."

"ముప్పై ఏళ్ళు ఊపిరి తియ్యకుండా మాటాడినావు. ఇప్పుడే ఆలోసించాలా?"

"ఇంజనీరమ్మా, ఈ బ్రిడ్జీ ఏటవుతాది?"

"పడగొట్టి కొత్తది కడతారు. ఆరింట్లో ఐదు పాడైపోతే ఎవరూ నిలబెట్టలేరు."

"నాలుగోదాన్ని కూడానా?"

"అదొక్కటే ఉండి ఏం మోస్తుంది బాబాయ్? కానీ దాన్ని పగలగొట్టడానికి మిగతా ఐదింటికి పట్టినన్ని రోజులు పడతాయి."

"పట్టనీ. గంపలోంచి వచ్చినా, పొడిసింది నా ఊసే కదా."

"ముద్ద తిను మావా."

"తింటాను. రాయమ్మా."

"ఏం రాయమంటారు?"

"నాలుగో పిల్లరు మేస్త్రి పోతయ్య. సదువు మూడో తరగతి, అదీ సగం."

"ఊఁ."

"ఎనిమిది తట్లు పిక్క ఎయ్యాల్సిన కాడ, పైనుంచి తప్పు లెక్క సెప్పి తక్కువ ఏయించినాడు. ఆడికి ఎనిమిది దాకా లెక్క రాదు. అందుకని సిమెంటు ఎక్కువ పట్టింది. దొంగలెవులూ నేరు."

"మావా..."

"నువ్వూరుకో. గంప బోర్లించు ముందు, అడుగు కనిపిస్తంది."

"బాబాయ్, ఇది గురువులు చెవిన పడుతుంది. నవ్వుతాడు."

"నవ్వనీ. సిమెంటుందా అని అడగడు. లెక్కొచ్చా అని అడుగుతాడు. కొత్తగా ఉంటాది."

"నిజంగా ఇలాగే రాసేయమంటారా?"

"రాసినావా నేదా?"

"రాశాను. ఇంకేమైనా ఉందా?"

"ఇందాక తోట ఎంతని అడిగినావు."

"అంకె నోటికి రాదన్నారు కదా."

"ఇప్పుడు వస్తంది. అడుగున రాసుకో. లెక్క రానోడి తప్పుకి అయిన కరీదు: నలభై నాలుగు సెంట్లు, మొగలి పొదలు అరవై ఒకటి."